ట్రయల్ పాఠం నుంచి రెండో పాఠం దాకా: ఒక కొత్త ఆన్‌లైన్ ఇంగ్లీషు టీచర్ కేస్ స్టడీ

ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు బోధించడం మొదలుపెట్టేవారికి శిక్షణ ఇవ్వడం నా పని. మొదటి విద్యార్థి ఎలా దొరుకుతారన్నదే వచ్చేవారిలో చాలామంది అడిగే ప్రశ్న. ఈ కేసులో ఆ ఇబ్బంది లేదు. విద్యార్థులు దొరికారు, ట్రయల్ పాఠానికి వచ్చారు, బాగుందన్నారు, ధన్యవాదాలు చెప్పి వెళ్లారు. మళ్లీ రాలేదు. కొత్త టీచర్లు చడీచప్పుడు లేకుండా ఈ వృత్తిని వదిలేసేది ఎక్కువగా ఈ దశలోనే. విద్యార్థి కోసం ఎదురుచూసే రోజుల్లో కనీసం ఆశ ఉంటుంది. వచ్చినవారు వచ్చినట్టే వెళ్లిపోతుంటే తన మీద తనకే నమ్మకం సడలుతుంది. అందుకే దీన్ని కాస్త విపులంగా రాస్తున్నాను. ఆ టీచర్ అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గానీ, ఆమె విద్యార్థులను గానీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వచ్చేనాటికి ఆమె పరిస్థితి

ఆమె ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశారు. ఇంగ్లీషు ఆమె మాతృభాష కాదు, కానీ భాష మీద పట్టు గట్టిది. భాషా సామర్థ్యానికి ఇప్పుడు అంతటా వాడుతున్న సీఈఎఫ్ఆర్ కొలమానాన్ని కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించింది. ఏ1 నుంచి సీ2 దాకా అందులో ఆరు స్థాయిలు. ఆమెది సీ1కు తగ్గదు. వ్యాకరణంలో ఏది అడిగినా తడుముకోరు. 120 గంటల టెఫెల్ (విదేశీ భాషగా ఇంగ్లీషు బోధన) సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే పూర్తిచేసి, ఒక ట్యూటరింగ్ ప్లాట్‌ఫామ్‌లో ప్రొఫైల్ పెట్టారు. పరిచయ వీడియో, ఫొటో, సర్టిఫికెట్ అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"నా ఉచ్చారణే అడ్డు పడుతోందేమోనండీ. అందరికీ నేటివ్ టీచరే కావాలేమో" అన్నారు, మాట్లాడిన మొదటి రోజే. నేటివ్ అంటే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు. ఉచ్చారణ సంగతి తర్వాత చూద్దామన్నాను. తన కష్టానికి ఆమె ముందే ఒక కారణం ఖాయం చేసుకున్నారు. దాన్ని వెంటనే ఒప్పుకున్నా, కాదన్నా అసలు పాఠం ఎలా సాగుతోందో చూసే అవకాశం పోతుంది.

ముందు సర్టిఫికెట్ గురించి ఒక మాట. ఈ రంగంలో 120 గంటలు అనే అంకె అందరి నోటా వినిపిస్తుంది. ఇంగ్లీషు టీచర్లకు కేంబ్రిడ్జ్ వారు నడిపే సెల్టా శిక్షణ కోర్సు కూడా దాదాపు 120 గంటలే. అయితే అందులో అభ్యర్థి నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి. శిక్షకులు దాన్ని గమనించి, తర్వాత లోటుపాట్లు చర్చిస్తారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి ఇలాంటి కోర్సే అయిన సర్ట్‌టీసాల్‌లోనూ ఇలా పరిశీలనలో పాఠాలు చెప్పడం తప్పనిసరి. సొంతంగా వీడియోలు చూసి, క్విజ్‌లు పూర్తిచేసి తెచ్చుకునే సర్టిఫికెట్లు చాలావాటిలో ఈ భాగం ఉండదు. ఆమె చేసినదీ అలాంటిదే. గంటలు సమానం, కానీ ఆమె పాఠం చెబుతుండగా చూసి, ఇక్కడ ఆగండి, అతన్ని మాట్లాడనివ్వండి అని చెప్పినవారు ఒక్కరూ లేరు. సర్టిఫికెట్ వృథా అని నేను అనను. ప్రొఫైల్‌లో అది తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చినవారు ఉండిపోయేలా చేయడానికి మాత్రం చాలదు.

రికార్డింగులో కనిపించినది

తర్వాతి ట్రయల్ పాఠాన్ని విద్యార్థి అనుమతి తీసుకుని రికార్డు చేయమన్నాను. అనుమతి సంగతి నొక్కి చెబుతున్నాను. అవతలి వ్యక్తికి తెలియకుండా రికార్డు చేయడం తప్పు, నేర్చుకోవడానికి అది సాకు కాదు.

విద్యార్థి ఒక కంపెనీ కొనుగోళ్ల విభాగంలో ఉద్యోగి. మాతృభాష స్పానిష్. విదేశీ సరఫరాదారులతో వారం వారం ఆన్‌లైన్ సమావేశాలు ఉంటాయట. ఎదుటివారు చెప్పేది అర్థమవుతుంది గానీ, మధ్యలో తన మాట చెప్పే సందు దొరకడం లేదని, తాను వాక్యం కూర్చుకునేలోపు చర్చ ముందుకు వెళ్లిపోతోందని బుకింగ్‌తో పాటు పంపిన సందేశంలో స్పష్టంగా రాశారు. కొత్త టీచర్‌కు ఇంతకంటే చక్కటి సమాచారం దొరకదు.

పాఠం నిడివి 25 నిమిషాలు. మొదటి నాలుగు నిమిషాలు టీచర్ పరిచయం: చదువు, సర్టిఫికెట్, బోధనా పద్ధతి, పాఠాలు ఎలా సాగుతాయన్నది. ఆ తర్వాత మీ గురించి చెప్పండి అని అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఆ కాసేపట్లోనే మూడు ఆణిముత్యాల్లాంటి తప్పులు వచ్చాయి. టీచర్ అనే మనిషికి అవి నిజంగా ఆణిముత్యాలే. "ఐ హ్యావ్ 38 ఇయర్స్" అన్నారు. స్పానిష్‌లో వయసు అలాగే చెబుతారు కాబట్టి అది సహజం. టీచర్ ఏదో చెబితే "ఐ యామ్ అగ్రీ" అన్నారు. అదీ వారి భాష నుంచి వచ్చినదే. మూడోది "ఐ యామ్ యాక్చువల్లీ వర్కింగ్ విత్ త్రీ సప్లయర్స్". ఆయన ఉద్దేశం 'ప్రస్తుతం ముగ్గురితో' అని. స్పానిష్‌లో ఆ పోలికలో ఉండే మాటకు అర్థం అదే. ఇంగ్లీషు వినేవారికి మాత్రం 'నిజానికి ముగ్గురితో' అని, అంటే అంతకుముందు ఎవరో చెప్పిన లెక్కను సరిదిద్దుతున్నట్టు వినిపిస్తుంది. సరఫరాదారులతో బేరసారాలు నడిపే మనిషికి ఇది చిన్న తేడా కాదు.

మా టీచర్ ఏం చేశారు? చిరునవ్వుతో "ఓహ్, యూ ఆర్ 38" అన్నారు. ఆయన "యెస్" అని సాగిపోయారు. మిగతా రెండూ గాలిలో కలిసిపోయాయి. ఆ తర్వాత స్క్రీన్ మీదికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ స్లైడ్లు వచ్చాయి. రంగులు, బాణాలు, కాలరేఖలతో చాలా శ్రద్ధగా తయారుచేసినవి. తర్వాత ఖాళీలు పూరించే అభ్యాసం. ఆయన ఒక్కటీ తప్పకుండా పూరించారు. టీచర్ మెచ్చుకున్నారు. సందేహాలున్నాయా అని అడిగారు. లేవన్నారు. అయిపోయింది.

ఇద్దరం గడియారం పెట్టుకుని రికార్డింగును మళ్లీ విన్నాం. విద్యార్థి నోరు తెరిచిన సమయమంతా కలిపినా ఐదు నిమిషాలకు చేరలేదు. అందులోనూ సగానికి పైగా స్లైడు మీద ఉన్న వాక్యాలు చదవడమే. సమావేశాల్లో మాట్లాడే సందు దొరకడం లేదని వచ్చిన మనిషికి ఇక్కడా సందు దొరకలేదు. ఆమె అది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "స్లైడ్లు లేకపోతే నేను సిద్ధపడకుండా వచ్చానని అనుకుంటారేమోనని భయమండీ" అన్నారు. ఈ భయం నాకు కొత్త కాదు. శ్రద్ధ గల టీచర్లకే ఇది ఎక్కువ ఉంటుంది. కష్టపడ్డానని చూపించుకోవాలన్న తపనలో పాఠం మొత్తాన్ని తామే నింపేస్తారు.

ఆ రికార్డింగులో ఇంకో విషయం ఉంది, మామూలుగా వింటే తెలియదు. ప్రశ్న అడిగాక ఆమె సెకనుకు మించి ఆగడం లేదు. జవాబు రాకపోతే అదే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడుగుతున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు కూర్చుకుంటున్న విద్యార్థి దాన్ని వదిలేసి రెండో ప్రశ్నను అర్థం చేసుకోవడం మొదలుపెట్టాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలో తరగతి గదులను పరిశీలించి, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను పాటే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తున్నాయని చూపించారు. రో చూసింది ఎక్కువగా సైన్సు తరగతులు. విద్యార్థి రెండో భాషలో ఆలోచిస్తూ, శబ్దం ఇంటర్నెట్ మీదుగా ఆలస్యంగా చేరే చోట మూడు సెకన్లు కూడా తక్కువే. ప్రశ్న అడిగాక మనసులో ఐదు దాకా లెక్కపెట్టమన్నాను. అంతసేపు స్క్రీన్ వైపు చూస్తూ నిశ్శబ్దంగా ఉండటం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది.

25 నిమిషాలను తిరగరాయడం

ట్రయల్ పాఠాన్ని చాలామంది టీచర్లు తమను తాము పరిచయం చేసుకునే సందర్భంగా చూస్తారు. నా అభిప్రాయం వేరు. అది తొలి పాఠమే. తన ఇంగ్లీషు గురించి అప్పటిదాకా తెలియని ఒక నిజం విద్యార్థికి అందులో తెలియాలి, ఒక పని అంతకుముందు కంటే మెరుగ్గా చేయగలిగానన్న అనుభవం కలగాలి. ఈ రెండూ జరిగితే రెండో పాఠం కోసం ఎవరూ బతిమాలనక్కర్లేదు.

ఆమెతో కలిసి కట్టిన కొత్త పాఠం ఇలా ఉంది. టీచర్ పరిచయం రెండు వాక్యాలు, అంతే. మిగతాది ప్రొఫైల్‌లో ఉంది, విద్యార్థి చదివే వచ్చారు. వెంటనే విద్యార్థి రాసిన సందేశంలోంచే ప్రశ్న: చివరిసారి సమావేశంలో మీరు చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఏమిటి? ఏడెనిమిది నిమిషాలు ఆయనే మాట్లాడాలి. టీచర్ వింటూ ఒక షేర్డ్ డాక్యుమెంటులో ఆయన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి, బాగా చెప్పినవి ఒక పక్క, తడబడినవి ఇంకో పక్క. బాగున్నవి రాయడం మర్యాద కోసం కాదు. ఏది తనకు వచ్చో విద్యార్థికి చాలాసార్లు తెలియదు.

తర్వాత రోల్‌ప్లే. టీచర్ సరఫరాదారు, సరుకు రెండు వారాలు ఆలస్యమవుతుందని చెబుతూ ఆగకుండా మాట్లాడతారు. విద్యార్థి మధ్యలో ఆపి, కొత్త తేదీ రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. మొదటిసారి ఆయన ఆపలేకపోవడం మంచిదే, అవసరం అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాతే మాటలు ఇవ్వాలి: "సారీ, కెన్ ఐ స్టాప్ యూ దేర్?", "బిఫోర్ వుయ్ మూవ్ ఆన్". రెండు మూడు చాలు. వాటిని ఏ మాట మీద ఒత్తి పలకాలో, గొంతు ఎక్కడ పెంచాలో నోటితో చేయించాలి. మళ్లీ అదే రోల్‌ప్లే, సరుకూ తేదీలూ మార్చి. చివరి ఐదు నిమిషాల్లో షేర్డ్ డాక్యుమెంటు తెరిచి, ఇదిగో మీరు చెప్పినవి, వచ్చే మూడు పాఠాల్లో వీటి మీద ఇలా పనిచేద్దాం అని చూపించాలి.

పని ముందు, నియమం తర్వాత అనే ఈ వరుస నేను కనిపెట్టినది కాదు. ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతదేశంలోని పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టు ఈ దారిలో తొలి పెద్ద ప్రయోగాల్లో ఒకటి. వ్యాకరణ పాఠాలకు బదులు పిల్లలకు పటాలు, రైళ్ల వేళల పట్టికలు ఇచ్చి సమస్యలు పరిష్కరించమన్నారు. మనసు అర్థం మీద ఉంటే భాష దానంతట అది కుదురుకుంటుందని ఆయన నమ్మకం. ఆయన అంత దూరం నేను వెళ్లను. పెద్దవాళ్లకు, అందులోనూ వారానికి ఒకటి రెండు పాఠాలే తీసుకునేవారికి, పని అయ్యాక భాషను విడదీసి చూపించడం వేగంగా పనికొస్తుందని నా అనుభవం.

తప్పులు దిద్దే విషయంలోనూ మార్పు తెచ్చాం. "ఓహ్, యూ ఆర్ 38" అని సరైన రూపాన్ని మాటల్లో కలిపి తిరిగి చెప్పడాన్ని పరిశోధకులు రీకాస్ట్ అంటారు. రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్రెంచి మాధ్యమ తరగతుల్లో టీచర్లు అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఈ పద్ధతినే, విద్యార్థులు అన్నిటికంటే తక్కువగా స్పందించిందీ దీనికే. తనను సరిదిద్దారని కాక, తనతో ఏకీభవించారని విద్యార్థి అనుకుంటారు. మన రికార్డింగులో "యెస్" అన్నాయన అనుకున్నట్టే. అందుకు బదులు చాట్ పెట్టెలో ఆయన వాక్యాన్ని రాసి, తప్పున్న చోట గీత గీసి, ఆయన్నే సరిచేయమనాలి. తనంతట తాను సరిచేసుకున్నది గుర్తుండే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఆన్‌లైన్ పాఠానికి ఒక మేలు ఉంది: మాట ఆగకుండానే రాత కనిపిస్తుంది.

అన్ని తప్పులూ దిద్దవద్దన్నాను. ట్రయల్‌లో మూడు చాలు. ఏ మూడు? అర్థాన్ని తప్పుదారి పట్టించేవి ముందు, పదే పదే వచ్చేవి తర్వాత. ఆ లెక్కన కొనుగోళ్ల ఉద్యోగి విషయంలో ముందు దిద్దాల్సింది వయసు వాక్యం కాదు, దాన్ని ఎవరైనా అర్థం చేసుకుంటారు. దిద్దాల్సింది 'యాక్చువల్లీ'.

ఉచ్చారణ, ప్రొఫైల్

ఇప్పుడు ఆమె మొదటి ప్రశ్న. పరిచయ వీడియో చూస్తే నిజంగానే ఏదో తేడా ఉంది, కానీ ఆమె అనుకున్నది కాదు. తనది కాని ఒక యాసను అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నారు. దాంతో మాట బిగుసుకుపోయి, వాక్యాల చివర శ్వాస అందడం లేదు. ట్రయల్ పాఠంలో ఐదు నిమిషాలు గడిచేసరికి ఆ యాస జారిపోయి అసలు గొంతు వస్తోంది. అసలు గొంతు ఎంతో స్పష్టంగా ఉంది.

ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్న టీచర్లను నియామకాల్లో చిన్నచూపు చూడటం అన్యాయమని ఇంగ్లీషు టీచర్ల సంఘమైన టీసాల్ ఇంటర్నేషనల్ 2006లో అధికారికంగా ప్రకటించింది. సీఈఎఫ్ఆర్ కూడా 2020 నాటి అనుబంధ సంపుటంలో కొన్ని వివరణల నుంచి నేటివ్ స్పీకర్ ప్రస్తావనను తొలగించింది. అయినా వివక్ష పోయిందని నేను చెప్పను. కొందరు విద్యార్థులు ఆ మాట చూసే టీచర్‌ను ఎంచుకుంటారు. వారి కోసం మనల్ని మనం మార్చుకోనవసరం లేదు. ఆమె విద్యార్థులు సమావేశాల్లో మాట్లాడేది ఎక్కువగా తమలాగే ఇంగ్లీషు నేర్చుకున్నవారితో. ఉచ్చారణ మీద పరిశోధన చేసిన జెనిఫర్ జెంకిన్స్ 2000లో చేసిన ప్రతిపాదన ప్రకారం, అలాంటి సంభాషణల్లో అర్థం చెడకుండా ఉండటానికి కొన్ని అంశాలే కీలకం: హల్లులు చాలావరకు స్పష్టంగా పలకడం, అచ్చుల నిడివిలో తేడా పాటించడం, వాక్యంలో ముఖ్యమైన మాట మీద ఒత్తు పెట్టడం. నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే 'థ' లాంటి ధ్వనులు ఆ జాబితాలో లేవు. ఆమె పలుకులో సరిచేసుకోవాల్సింది ఒక్కటే కనిపించింది, వాక్యం మొత్తాన్ని ఒకే బరువుతో చెప్పడం. దాని మీద పనిచేశాం. వీడియోను ఆమె సొంత గొంతుతో మళ్లీ తీశాం.

ప్రొఫైల్ రాతలో మాత్రం పెద్ద మార్పే చేయాల్సి వచ్చింది. అన్ని వయసులవారికీ, అన్ని స్థాయిలవారికీ, సంభాషణ, వ్యాకరణం, బిజినెస్ ఇంగ్లీషు, ఐఈఎల్‌టీఎస్, పిల్లలకు పాఠాలు అని రాశారు. అకౌంట్స్‌లో పనిచేసిన సంగతి ఎక్కడా లేదు. ఎందుకు రాయలేదని అడిగాను. "అది వేరే ఉద్యోగం కదండీ, టీచింగ్ కాదు కదా" అన్నారు. ఈ జవాబు నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, గోదాములో, కోర్టులో ఏళ్ల తరబడి పనిచేసినవారు టీచర్ అయ్యే ముందు ఆ జీవితాన్ని గుమ్మం బయట వదిలేసి వస్తారు. వ్యాకరణం తెలిసిన టీచర్లు వేలమంది ఉన్నారు. ఖాతాల సర్దుబాటు గురించి ఆడిటర్‌తో మాట్లాడటం ఎలా ఉంటుందో తెలిసిన టీచర్లు కొద్దిమందే.

పిల్లల పాఠాలు తీసేశాం, ఆమెకు పిల్లలతో పనిచేసిన అనుభవం లేదు. అదీగాక, పిల్లల పాఠాల మీదే, ఒకే దేశం మార్కెట్ మీదే ఆధారపడితే ఏమవుతుందో 2021 జులైలో చూశాం. విదేశాల్లో ఉండే టీచర్లతో పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పించడాన్ని చైనా ప్రభుత్వం నిషేధించడంతో ఎందరో టీచర్ల బతుకుతెరువు కొద్ది వారాల్లో పోయింది. ఐఈఎల్‌టీఎస్ కూడా ప్రస్తుతానికి తీసేయమన్నాను. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు అని తెలిస్తే చాలదు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు ప్రమాణాల్లో ఆరో బ్యాండుకూ ఏడో బ్యాండుకూ తేడా ఎక్కడుందో విని చెప్పగలగాలి. విద్యార్థి భవిష్యత్తు ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది. నేర్చుకున్నాక చేర్చుకోవచ్చు.

కొత్త ప్రొఫైల్ మొదటి వాక్యం: అకౌంట్స్, ఆడిట్, కొనుగోళ్ల విభాగాల్లో పనిచేసేవారికి సమావేశాల్లో, ఈమెయిళ్లలో ఇంగ్లీషు. చూసేవారి సంఖ్య తగ్గింది. ఆమె కంగారుపడ్డారు. రాసినది తమ కోసమే అనుకుని వచ్చేవారి సంఖ్య పెరుగుతుందని, కొన్ని వారాలు ఆగమని చెప్పాను.

డబ్బు, వేళలు, పరికరాలు

ప్లాట్‌ఫామ్ నియమాలను చాలామంది చేరాక చదువుతారు. ఉదాహరణకు ప్రెప్లీ అనే ప్లాట్‌ఫామ్‌లో ప్రతి కొత్త విద్యార్థి ట్రయల్ పాఠం రుసుము మొత్తం సంస్థకే వెళుతుంది. ఆ తర్వాతి పాఠాల మీద కమీషన్ 33 శాతంతో మొదలై, బోధించిన గంటలు పెరిగేకొద్దీ 18 శాతం దాకా తగ్గుతుంది. ఇలాంటి చోట ట్రయల్ పాఠాలు ఎన్ని చెప్పినా చేతికి ఏమీ రాదు. టీచర్ ఆదాయం మొదలయ్యేదే రెండో పాఠంతో. ఆమె తన గంట రుసుమును నిర్ణయించుకునేటప్పుడు కమీషన్‌నే లెక్కలోకి తీసుకున్నారు, పాఠం తయారీకి, తర్వాత నోట్సు రాయడానికి పట్టే సమయాన్ని తీసుకోలేదు. అకౌంట్స్ మనిషి కాబట్టి ఒక్కసారి చెప్పగానే అందుకుని, పట్టిక వేసుకున్నారు.

వేళల్లో ఒక ఉచ్చు ఉంది. యూరప్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కు జరుగుతాయి. అమెరికాలో అవే మార్పులు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం జరుగుతాయి. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం పాటు యూరప్, అమెరికా సమయాల మధ్య మామూలు తేడా పనిచేయదు. ప్లాట్‌ఫామ్ క్యాలెండర్ తనంతట తాను సర్దుకుంటుంది. విద్యార్థితో నోటిమాటగా 'మామూలు వేళకే' అనుకుంటే మాత్రం ఒకరు వస్తారు, ఇంకొకరు రారు. ప్రతి పాఠం వేళనూ విద్యార్థి ఊరి సమయంలో రాసి పంపడం అలవాటు చేసుకున్నారు. 24 గంటల ముందు చెప్పకుండా రద్దు చేస్తే రుసుము తిరిగి ఇవ్వననే నియమం కూడా మొదటి పాఠంలోనే చెబుతున్నారు.

పరికరాల మీద పెద్దగా ఖర్చు అక్కర్లేదు. వైరు ఉన్న హెడ్‌సెట్, వీలైతే రౌటర్ నుంచి నేరుగా కేబుల్, ముఖం మీద పడే వెలుతురు, కరెంటు పోతే వాడుకోవడానికి ఫోన్ ఇంటర్నెట్. వీడియో మసకబారినా పాఠం నడుస్తుంది, గొంతు తెగిపోతే నడవదు. జూమ్ ఉచిత ఖాతాలో ఇద్దరే ఉన్నా 40 నిమిషాలకు సమావేశం ముగుస్తుంది. 50 నిమిషాల పాఠం పెట్టుకున్నవారు గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత

కొనుగోళ్ల విభాగం ఉద్యోగి తిరిగి రాలేదు. ఆమె ఆయనకు 'యాక్చువల్లీ' గురించి, సమావేశంలో మధ్యలో అందుకునే మాటల గురించి చిన్న సందేశం పంపారు. ఆయన కృతజ్ఞతలు చెప్పారు, అంతే.

నిలబడిన మొదటి విద్యార్థి ఒక ఆడిటర్, పోలిష్ ఆమె మాతృభాష. ట్రయల్‌లో తన సమస్య ఆర్టికల్స్ ('ఎ', 'యాన్', 'ది') అని చెప్పుకున్నారు. పోలిష్‌లో ఆర్టికల్స్ లేవు, అది నిజమైన ఇబ్బందే. మన టీచర్ దాన్ని నియమాల పట్టికతో మొదలుపెట్టలేదు. ఆడిట్ నివేదికలో ఒక ఇన్‌వాయిస్ కనిపించడం లేదని రాయడానికీ, ఇద్దరికీ తెలిసిన ఆ ఇన్‌వాయిస్ కనిపించడం లేదని రాయడానికీ మధ్య చదివేవారికి ఎంత తేడా వస్తుందో చూపించారు. మొదటిది ఇంకా వెతకాలి అంటుంది, రెండోది వేలెత్తి చూపుతుంది. విద్యార్థి ఆ రోజే తన పాత ఈమెయిళ్లు తెరిచి వెతకడం మొదలుపెట్టారట.

రెండో పాఠంలో అంతకంటే లోతైన విషయం బయటపడింది. ఆడిటర్ రాసే ప్రశ్నలన్నీ 'ఎందుకు'తో మొదలవుతున్నాయి: "వై డిడ్ యూ నాట్ రికార్డ్ దిస్ ఇన్‌వాయిస్?" వ్యాకరణంలో తప్పు లేదు. కానీ జవాబులు ఆలస్యంగా, ముక్తసరిగా వస్తున్నాయని, కారణం తెలియడం లేదని ఆడిటర్ అన్నారు. మన టీచర్‌కు కారణం తెలుసు. ఆడిట్ జరిగే ప్రతిసారీ ఆమె బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషి. ఆ ప్రశ్న చదివితే అకౌంట్స్ గుమస్తాకు గుండె ఎలా జారుతుందో, వెంటనే తనను తాను కాపాడుకునే మాటలు ఎలా రాస్తారో విద్యార్థికి చెప్పారు. "కుడ్ యూ వాక్ మీ త్రూ హౌ దిస్ ఇన్‌వాయిస్ వాజ్ రికార్డెడ్?" అని రాయించారు. ఒకే సమాచారం అడిగే ప్రశ్నలను నాలుగు రకాలుగా రాయించి, ఏది అందుకుంటే ఎలా అనిపిస్తుందో చర్చించారు. ఆ రికార్డింగు విన్నాను. టీచర్ తక్కువ మాట్లాడారు. మాట్లాడినప్పుడు ఏ యాసా లేదు, తొట్రుపాటూ లేదు. ఆ విద్యార్థి తన సహోద్యోగులను కూడా పంపించారు.

ఇప్పుడు ఆమెకు స్థిరంగా వచ్చే విద్యార్థులు ఉన్నారు. ఆదాయం నెల నెలా ఒకేలా లేదు. ఉద్యోగుల సెలవుల కాలంలో బాగా తగ్గుతుంది. ఆడిట్లు జోరుగా సాగే నెలల్లో విద్యార్థులకే తీరిక ఉండదు. దీన్ని ముందే లెక్కలోకి తీసుకుని, ఆ నెలల కోసం ఈమెయిళ్లను సరిచూసి వ్యాఖ్యలతో తిరిగి పంపే చిన్న సేవ మొదలుపెట్టారు. విద్యార్థి వీలున్నప్పుడు పంపుతారు, ఇద్దరూ ఒకే సమయానికి కూర్చోనక్కర్లేదు.

తేలనిది ఒకటి ఉంది. ఏ1, ఏ2 స్థాయి వారితో ఆమె పాఠాలు ఇంకా కుదరలేదు. తడబడిన వాక్యాన్ని పట్టుకుని పాఠం కట్టే ఈ పద్ధతికి విద్యార్థి దగ్గర వాక్యాలు ఉండాలి. అంత భాష లేనివారికి ముందు వినడానికి, పట్టుకుని వాడటానికి సరిపడా భాష అందించాలి, బొమ్మలతో, సైగలతో, మళ్లీ మళ్లీ. అది వేరే నైపుణ్యం, రాసిన సలహాలతో రాదు. పరిశీలనలో పాఠాలు చెప్పే కోర్సులో చేరమని చెప్పాను. ప్రవేశానికి దరఖాస్తు పెట్టారు. అప్పటిదాకా ఆ స్థాయి విద్యార్థులు అడిగితే, వారికి తగిన ఇంకో టీచర్ పేరు చెప్పి పంపుతున్నారు.